వ్యాన్‌లో ఇన్వర్టర్ పెట్టించా, ఆల్టర్నేటర్ కాలిపోయింది, ఎవరి మీద కేస్ వేయాలి సార్?

ప్రశ్న: సార్, మాది హిందూపురం, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. సెకండ్ రో సీటు తీసేసి చిన్న పెట్రోల్ వ్యాన్‌లో జ్యూస్, మిల్క్‌షేక్ అమ్ముకుంటున్నా, సాయంత్రం అయిదు నుంచి పది దాకా ఒక టెక్ పార్క్ దగ్గర. జేసీ రోడ్‌లో ఒక షాపులో 1500 వాట్ల ఇన్వర్టర్ పెట్టించా, దాని మీద డీప్ ఫ్రీజర్, 750 వాట్ల మిక్సీ. ఇంజన్ ఆన్‌లో ఉంటే చాలు, బ్యాటరీ చార్జ్ అవుతూనే ఉంటది అన్నాడు షాపాయన. నాలుగు నెలలకి బోనెట్‌లోంచి పొగ, ఆల్టర్నేటర్ మాడిపోయింది, వైరింగ్ కూడా కొంత కరిగింది. వారంటీ లేదంటోంది సర్వీస్ సెంటర్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ కవర్ కాదంటోంది ఇన్సూరెన్స్, బిల్లే లేదు కదా అంటున్నాడు షాపాయన. నేను ఎవర్ని పట్టుకోవాలి?

జవాబు: ముందు ఒక పని చెప్తా, అది అయ్యాకే మిగతాది చదవండి. కాలిన ఆల్టర్నేటర్, అదే ఇంజన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసి బ్యాటరీ చార్జ్ చేసే భాగం, ఎక్కడుంది? సర్వీస్ సెంటర్‌లో ఉంటే ఈరోజే వెళ్లి రాసిచ్చి తెచ్చుకోండి, కరిగిన వైర్ ముక్కలు కూడా, కవర్లో పెట్టి మీద తేదీ వేసి ఇంట్లో దాచండి. కొత్తది వేసేటప్పుడు పాతది వాళ్ల దగ్గరే వదిలేసి వచ్చే వాళ్లే ఎక్కువ, తర్వాత కోర్టులో నా నోటి మాట తప్ప ఏం లేదు సార్ అంటారు. కన్స్యూమర్ కమిషన్ అవసరమైతే వస్తువుని ల్యాబ్ టెస్ట్‌కి పంపగలదు, పంపడానికి వస్తువు ఉండాలి కదా.

ఇప్పుడు లెక్క. లా కన్నా ముందు ఇది ఎందుకంటే మీ కేస్ మొత్తం దీని మీదే నిలబడి ఉంది. చిన్న బండి ఆల్టర్నేటర్ మీద రాసి ఉంటుంది చూడండి, 12 వోల్ట్ 55 ఆంప్స్ లాగా. ఆ 55 ఇంజన్ బాగా తిరుగుతున్నప్పటి మాట, ఐడిల్‌లో, అంటే బండి నిలబెట్టి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, దానికి సగం వస్తే గొప్ప. ఆ సగంలోంచే బండి ఫ్యూయల్ పంపు, ఇగ్నిషన్, రేడియేటర్ ఫ్యాన్, రాత్రైతే లైట్లు అన్నీ తినాలి, మీ ఇన్వర్టర్‌కి మిగిలేది ఏ పది ఆంప్సో. మీది ఎంత లాగుతోంది? ఫ్రీజర్ నూటయాభై, మిక్సీ ఏడొందలయాభై, తొమ్మిదొందల వాట్లు, ఇన్వర్టర్ లాస్ కలిపితే బ్యాటరీ వైపు దాదాపు వెయ్యి, పన్నెండున్నరతో భాగిస్తే 80 ఆంప్స్. మిక్సీ ఆగి ఆగి తిరుగుతుంది సరే, ఫ్రీజర్ మాత్రం గంటల తరబడి ఉంటుంది. పగలంతా బండి తిరిగితే కొంచెం నయం, మీరు చేసింది ఏంటంటే అయిదు గంటలు ఒకే చోట నిలబెట్టి, గాలి కూడా తగలకుండా, ఐడిల్‌లో ఆల్టర్నేటర్‌ని ఫుల్‌గా పిండారు, లోపలి డయోడ్లు ఆ వేడికి పోతాయి. బ్యాటరీ కూడా స్టార్టింగ్ కోసం చేసిందే, రోజూ అడుగంటా వాడడానికి చేసింది కాదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇంజన్ ఆన్‌లో ఉంటే చాలు అన్న షాపాయన మాట ఈ లెక్క ముందు నిలవదు, 1500 వాట్ల ఇన్వర్టర్ అమ్మేవాడికి ఆ సంగతి తెలిసి ఉండాలి. మీ అసలు ప్రత్యర్థి ఆయనే, బండి కంపెనీ కాదు, ఇన్సూరెన్స్ కూడా రెండోదే. అయినా నన్నడిగే వాళ్లలో చాలామంది ముందు కంపెనీ మీద వేద్దాం సార్ అంటారు, పెద్ద పేరు కదా, డబ్బులు వస్తాయని.

బిల్లు లేదని భయపడకండి. కన్స్యూమర్ ప్రొటెక్షన్ యాక్ట్ 2019లో సెక్షన్ 2(47) కింద బిల్లు ఇవ్వకపోవడమే అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీస్, అంటే అన్యాయమైన వ్యాపార పద్ధతి. అంటే ఆయన చెప్తున్న డిఫెన్సే ఆయన మీద ఇంకో ఫిర్యాదు. యూపీఐలో కట్టారా? ఆ స్టేట్‌మెంట్ బ్యాంకు నుంచి తీస్కోండి, స్క్రీన్‌షాట్ మీద ఆధారపడకండి. వాట్సాప్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్, ఫిట్టింగ్ రోజు మీరు తీసుకున్న ఫోటో ఏదున్నా డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చొద్దు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డులకి ఒక సర్టిఫికెట్ జత చేయాలి, కన్స్యూమర్ కమిషన్ సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టంత పట్టుబట్టదు గానీ జత చేస్తే అవతలి లాయర్ నోరు మూయించొచ్చు.

ఇంకొకటి చూడండి, వైర్. ఇన్వర్టర్‌కి వేసిన వైర్ ఎంత మందం? పోయినేడాది నా దగ్గరికొచ్చిన ఒక కేసులో ఇలాంటి ఫిట్టింగ్‌కే ఇంట్లో ఏసీకి వాడే 4 స్క్వేర్ ఎంఎం వైర్ వేసి, బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ కూడా పెట్టలేదు. అది ముప్ఫై ఆంప్స్ మోసే వైర్, దాని మీద 80 లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మీది కూడా అలాగే ఉంటే సెక్షన్ 2(11) కింద డెఫిషియెన్సీ ఇన్ సర్వీస్, అంటే సేవలో లోపం అని సూటిగా రాయొచ్చు. ఒక మంచి ఆటో ఎలక్ట్రీషియన్ చేత లోడ్ లెక్క, వైర్ సైజు, ఫ్యూజ్ ఉందో లేదో రాయించి సంతకం పెట్టించుకోండి, ఆ ఒక్క పేజీ నా పది పేజీల నోటీసు కన్నా బలం.

వ్యాపారం కదా, నేను కన్స్యూమర్ అవుతానా అని మీకు అనుమానం రావచ్చు, అవతలి వాళ్లు కూడా అదే మొదట పట్టుకుంటారు. అవుతారు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే వాడితే కమర్షియల్ పర్పస్ కిందకి రాదని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. మీరే బండి నడిపి మీరే జ్యూస్ పోస్తున్నారు, ఆ ముక్క ఫిర్యాదులో ముందే రాయాలి. ఇద్దరు కుర్రాళ్లని పెట్టి నాలుగు బండ్లు తిప్పుతుంటే కథ వేరే.

కంపెనీ వారంటీ మాటకొస్తే, నిజం చెప్పాలంటే ఆల్టర్నేటర్ మీద మీ పాయింట్ బలహీనం. బయటి ఫిట్టింగ్ వల్ల జరిగిన డ్యామేజ్‌కి వారంటీ ఉండదని బుక్‌లెట్‌లో ఉంటుంది, మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్ ఉందని చూపించాల్సింది మీరే. కానీ ఇన్వర్టర్ పెట్టావు కాబట్టి ఏసీ, గేర్‌బాక్స్, సస్పెన్షన్ అన్నిటికీ వారంటీ పోయింది అని సర్వీస్ సెంటర్ అంటే ఒప్పుకోకండి. ఏ భాగం దేనివల్ల పోయిందో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి, ఆ కాగితం ఇవ్వడానికి వాళ్లు తటపటాయిస్తారు, అక్కడే తెలుస్తుంది.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక చిన్న కిటుకు ఉంది. ప్యాకేజ్ పాలసీలో ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అదే పాలసీలో ఫైర్, సెల్ఫ్ ఇగ్నిషన్ కవర్ అవుతాయి. మీకు ఆల్టర్నేటర్ మాడడం ఒకటి, దాని తర్వాత వైరింగ్ కాలి కరగడం ఇంకొకటి. రెండో దాన్ని విడిగా క్లెయిమ్ చేయండి, సర్వేయర్ రిపోర్ట్ కాపీ రాతపూర్వకంగా అడగండి. ఇన్వర్టర్, ఫ్రీజర్ విలువ మాత్రం రాదు, పాలసీకి అదనంగా జత చేసే ఐఎంటీ 24 ఎండార్స్‌మెంట్ తీసుకుని అదనపు ప్రీమియం కట్టి ఉంటేనే బయటి ఎలక్ట్రికల్ ఫిట్టింగులు కవర్ అయ్యేది.

మీరు చెప్పనిది ఒకటుంది, బండి వైట్ బోర్డా ఎల్లో బోర్డా, అంటే నంబర్ ప్లేట్ ప్రైవేటుదా కమర్షియల్‌దా? వైట్ బోర్డ్ బండిలో వ్యాపారం చేశారంటే ఇన్సూరెన్స్ వాడు ఆ గీత మీద నిలబడి మొత్తం కొట్టేయాలని చూస్తాడు. 2010లో సుప్రీంకోర్టు అమలేందు సాహూ కేసులో ప్రైవేటు బండి అద్దెకి వాడినా క్లెయిమ్‌ని పూర్తిగా తోసిపుచ్చకుండా నాన్ స్టాండర్డ్ బేసిస్‌లో, అంటే కొంత కోత పెట్టి, 75 శాతం దాకా ఇవ్వొచ్చన్న పద్ధతిని ఒప్పుకుంది, దాన్ని పట్టుకుని అడగాలి. వంద శాతం మీద ఆశ పెట్టుకోకండి.

సీటు తీసేశారు అన్నారు, అది నాకు ఇన్వర్టర్ కన్నా ఎక్కువ గుబులు. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. ఇన్వర్టర్ పెడితే ఆర్సీ మారదు, సీట్లు తీస్తే సీటింగ్ కెపాసిటీ మారుతుంది. 2019 సవరణలో వచ్చిన సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకి అయిదు వేలు ఫైన్, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బండి మార్పుల విషయంలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా మనకి అనుకూలం కాదు. సీటు తిరిగి పెట్టించండి, లేదా ఆర్టీఓ దగ్గర మార్పుకి దరఖాస్తు పెట్టండి, కేసు వేయకముందే.

కేసు ఎక్కడంటే బెంగళూరు అర్బన్ జిల్లా కన్స్యూమర్ కమిషన్, మీరు ఉండేది, పని చేసేది ఇక్కడే కాబట్టి సెక్షన్ 34 ప్రకారం మీ ఇష్టం. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయొచ్చు, కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, సంఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్లు టైం. ముందు షాపాయనకి స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపి పదిహేను రోజులు ఇవ్వండి, చాలాసార్లు అక్కడే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు, రాజీ అయితే కాగితం మీద పెట్టుకోండి. పాపం ఆయనకీ ఓ ఇన్వర్టర్ బేరం అంతే, కానీ మీ గిరాకీ పోయింది.

పెద్ద ఆల్టర్నేటర్ వేయించుకుందామా అని ఇంకెవరైనా ఎక్కిస్తే వినొద్దు, బెల్టు, వైరింగ్ అన్నీ మార్చాలి, ఐడిల్‌లో సమస్య అలాగే ఉంటుంది. ఫ్రీజర్ అయిదు గంటలకి ముప్పావు యూనిట్, మిక్సీకి ఇంకో పావు, అంటే యూనిట్ చుట్టుపక్కల. 100 ఆంప్ అవర్ లిథియం బ్యాటరీ ఒకటి బండి కరెంటుకి సంబంధం లేకుండా విడిగా పెట్టి, రాత్రి ఇంటి దగ్గర చార్జ్ చేసుకుని పొద్దున ఎక్కించుకోండి. ఈసారి బిల్లు మీద వాట్లు, వైర్ సైజు, ఫ్యూజ్ ఎంతో రాయించండి, రాయనంటే ఆ షాపు దిగి రండి.