మరమ్మతు తరువాత రేడియోలో మిగిలిన తుక్కును ఎలా తీయాలి?

ప్రశ్న: మా తాతగారి కాలపు వాల్వు రేడియోను ఇక్కడే ఒక మెకానిక్ వద్ద బాగుచేయించాను. ఆయన పాత కండెన్సర్లు తీసివేసి, ఇనుప ఛాసిస్‌కు (లోపలి భాగాలన్నీ బిగించి ఉండే చట్రం) కొత్తగా రంధ్రాలు వేసి వేరేవి బిగించారు. ఇంటికి తెచ్చాక కాస్త వంచితే లోపల ఏదో గలగలమంటున్నది. 900 కిలోహెర్ట్జ్ వద్ద కడప కేంద్రం చక్కగా వినబడుతున్నది గాని, ముల్లును అక్కడి నుంచి 700 వైపు తిప్పితే గరగరమని, ఆపై పూర్తిగా మూగబోతున్నది. బ్లోయరుతో ఊదితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: దయచేసి ఊదవద్దు. ఇప్పుడు అడుగున పడి ఉన్న తీగ ముక్క ఊదితే బయటికే వస్తుందన్న నమ్మకం లేదు. ఐఎఫ్ కాయిళ్ల (సిగ్నలును వడగట్టే తీగచుట్టల) డబ్బాలోకో, వాల్వు సాకెట్టులోకో చేరితే దానిని మళ్లీ కనిపెట్టడం చాలా కష్టం. తుక్కు సంగతి తేలేదాకా రేడియోను ఆన్ చేయకండి.

మీరు చెప్పిన రెండో లక్షణమే అసలు ఆచూకీ. ముల్లును తిప్పినప్పుడు, స్టేషన్లను ఎంచే భాగమైన గ్యాంగ్ కండెన్సర్‌లో కదిలే రేకులు కదలని రేకుల మధ్యకు దూరుతాయి. 1600 వైపు అవి దాదాపు పూర్తిగా బయట ఉంటాయి, 550 వైపు వెళ్లేకొద్దీ లోపలికి చొచ్చుకుపోతాయి. 900 వరకు బాగుండి, అంతకు దిగువన మూగబోతున్నదంటే, రేకులు ఒక లోతు దాటాక రెండింటినీ కలుపుతున్న వస్తువేదో మధ్యలో ఉండి ఉండాలి. తెగిన తీగ పోగు, సోల్డర్ చుక్క, రంధ్రం వేసినప్పుడు లేచిన ఇనుప పొట్టు, వీటిలో ఏదైనా కావచ్చు. రేకు వంగినా ఇదే లక్షణం కనిపిస్తుంది కనుక ముందు కంటితో చూడాలి.

చేయి పెట్టే ముందు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గును గోడ నుంచి తీసివేయాలి. వాల్వు రేడియోలోని ఫిల్టర్ కండెన్సర్లలో రెండు మూడు వందల వోల్టులు కరెంటు తీసిన తరువాత కూడా నిలిచి ఉండవచ్చు. 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరును బాగా ఇన్సులేషన్ చేసిన తీగలతో ప్రతి కండెన్సరు కొసలకు కొన్ని క్షణాలు తాకించి, వోల్టేజి సున్నాకు వచ్చిందని మల్టీమీటరుతో చూసుకోండి. ఇది మీకు అలవాటు లేని పని అయితే, రేడియోను తిరిగి ఆ మెకానిక్‌కే ఇవ్వండి. తన పనిలో రాలిన తుక్కును తీయడం కూడా ఆయన పనే కనుక అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

తరువాత ఏ వాల్వు ఏ సాకెట్టుదో రాసుకుని వాల్వులను తీసి పక్కన పెట్టండి. ఛాసిస్‌ను పెట్టెలోంచి తీసి, తెల్లని పాత పంచె పరచి, దానిమీద బోర్లించి అరచేతితో మెల్లగా తట్టండి. గలగలమన్నవాటిలో చాలా భాగం అక్కడే రాలుతుంది. పంచె తెల్లగా ఉంటే ఏమి రాలిందో కనబడుతుంది, దానిని బట్టి ఇంకా ఏమి మిగిలి ఉండవచ్చో ఊహించవచ్చు. మిగిలినదానిని మెత్తని పెయింటు బ్రష్షుతో ఒక మూలకు చేర్చి, ట్వీజరుతో ఏరివేయండి. వాక్యూమ్ క్లీనరు వాడదలిస్తే గొట్టం మూతికి పలుచని గుడ్డ కట్టండి, స్పీకరు కాగితపు కోను దగ్గరికి మాత్రం తీసుకుపోవద్దు.

గ్యాంగ్ విషయంలో తొందర పనికిరాదు. రేకులను పూర్తిగా బయటికి తిప్పి, టార్చిలైటును వెనుక నుంచి వేసి, ఒక్కొక్క సందులోంచి చూడండి. అడ్డం కనిపిస్తే పలుచని కాగితం ముక్కతో నెమ్మదిగా తోసివేయండి. బ్లేడు, గుండుసూది వాడితే రేకు వంగుతుంది. చివరి రేకులకు చీలికలు ఉండి అవి కొద్దిగా వంగినట్లు కనిపిస్తే సరిచేయబోకండి. డయల్ అంకెలకు స్టేషన్లు సరిపోవడానికి తయారీలోనే అలా వంచుతారు. మల్టీమీటరుతో షార్టు (రేకులు ఒకదానికొకటి తగలడం) పరీక్షించేవారు ఒక పొరపాటు చేస్తుంటారు: గ్యాంగ్‌కు సమాంతరంగా కాయిలు ఉంటుంది కనుక కాయిలుకు వెళ్లే తీగను విడదీయకుండా కొలిస్తే ఎప్పుడూ షార్టు ఉన్నట్లే చూపిస్తుంది.

ఇనుప రజను పోయి చేరే చోటు స్పీకరు అయస్కాంతం. కోనును కదిలించే తీగచుట్ట అయిన వాయిస్ కాయిలు ముందుకు వెనక్కు ఆడే సన్నని సందులోకి అది దిగితే పాటంతా బొంగురుగా వినబడుతుంది. కోనును రెండు వేళ్లతో సమంగా నొక్కితే గరుకుగా తగులుతుందేమో చూడండి. పైకి కనిపించే రజనును జిగురు టేపుతో అద్ది తీయవచ్చు, సందులోకి దిగిన దానిని ఇంట్లో తీయడం కుదరదు. రంధ్రాలు వేసేముందు స్పీకరును విప్పి పక్కన పెట్టి ఉంటే ఈ చిక్కే రాదు.

కొత్త సోల్డరింగు చుట్టూ అంటుకున్న, అతుకు బాగా పట్టడానికి వాడే ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన బ్రష్షుతో తుడవండి. దూది వాడితే పోగులు మిగులుతాయి. థిన్నరు ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. డయల్ గాజు వెనుక ఉన్న అక్షరాలు ఆల్కహాలుకు కూడా చెరిగిపోవచ్చు కనుక దాని జోలికి పోవద్దు. ఆమ్లం కలిసిన పేస్టు వాడి ఉంటే మాత్రం తుడవక తప్పదు, లేకపోతే మన నవంబరు వానల చెమ్మకు తీగలకు పచ్చని చిలుము పడుతుంది. పని ముగిశాక, సోల్డరులో సీసం ఉంటుంది కనుక, చేతులు సబ్బుతో కడుక్కుని, తడి పూర్తిగా ఆరిన తరువాతే వాల్వులు పెట్టి రేడియోను ఆన్ చేయండి.