పెద్ద సంఘానికి వెళ్తున్న బాబుకు

ప్రియమైన బాబుకు, ప్రభువు నామంలో వందనాలు.

హైదరాబాదులో పెద్ద సంఘం నిన్ను పాస్టరుగా పిలిచిందని మీ నాన్న ఫోనులో చెప్పగానే పెద్దమ్మ వీధి వీధంతా చెప్పివచ్చింది. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఏసీ ఇల్లు, కారు, డ్రైవరు, పిలిస్తే పలికే మనుషులు అని విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జీతం, సెలవులు, పిల్లల బడి ముందే మాట్లాడుకో. అది నీకు తెలియనిది కాదు.

నా భయమంతా బైబిల్లోని దావీదు రాజు గురించి. సమూయేలు రెండవ గ్రంథం 11వ అధ్యాయం అనగానే అందరూ అతడు రప్పించుకున్న పరాయివాడి భార్య బత్షెబ గురించే మాట్లాడతారు. తప్పు మొదటి వచనంలోనే మొదలైంది. అది రాజులు యుద్ధానికి బయలుదేరే కాలం. దావీదు మాత్రం సేనాపతి యోవాబును రబ్బా పట్టణం ముట్టడికి పంపి తాను యెరూషలేములో ఉండిపోయాడు. పొద్దుగూకే వేళకు పడక దిగి మిద్దె మీద పచార్లు చేశాడు. అక్కడి నుంచి బత్షెబ కంటపడింది. ఇక ప్రతిదానికీ మనుషులే. ఆమె ఎవరో కనుక్కోవడానికి మనుషులు, తీసుకురావడానికి మనుషులు. చివరికి ఆమె భర్త, తన సైనికుడే అయిన ఊరియా చావుకు రాసిన ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. మహాకాయుడు గొల్యాతుకు ఎదురు పరుగెత్తిన కుర్రవాడేనా ఇతడు!

అదే ఊరియాను చూడు. యుద్ధం నుంచి పిలిపించి, ఇంటికి వెళ్లి సేదదీరమని రాజే చెప్పాడు. దేవుని మందసపు పెట్టే సైన్యమూ గుడారాల్లో ఉండగా నేను ఇంట్లో తిని తాగి పడుకుంటానా అని, రాజనగరు గుమ్మం దగ్గరే సేవకులతో పడుకున్నాడు. మర్నాడు మత్తెక్కేలా తాగించినా ఇంటి గడప తొక్కలేదు. అదే గ్రంథం 23వ అధ్యాయంలో దావీదు శూరుల పట్టీ ఉంది. అందులో చివరి పేరు ఊరియాది. అక్కడికి వచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

డబ్బే పాపమని నేననను. అబ్రాహాముకు వెండి, బంగారం, మందలు కొల్లలుగా ఉండేవి. 99 ఏళ్ల వయసులో, మిట్టమధ్యాహ్నం ఎండలో, ముగ్గురు బాటసారులు కనబడితే తానే ఎదురు పరుగెత్తాడు. లేగదూడను తానే మందలోంచి తెచ్చాడు. వాళ్లు తింటున్నంతసేపూ చెట్టు కింద నిలబడ్డాడు.

మీ నాయనమ్మా అంతే. వానాకాలంలో ఎవరికైనా జ్వరమని తెలిస్తే గంజి గిన్నె కొంగుతో పట్టుకుని కాలువ గట్టు వెంట నడిచి వెళ్లేది. చీర అంచు మోకాళ్ల దాకా బురద. మనవడివి నువ్వేమో నిరుడు క్రిస్మసుకు వచ్చి, కరెంటు పోయిందని రాత్రంతా సణిగావు! నవ్వుకున్నానులే. పొద్దున మళ్లీ ఓ ముసలాయన ఇంటికి ప్రార్థనకు వెళ్లావు, అదీ చూశాను.

కారు వాడుకో, తప్పులేదు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ల దగ్గరికి మాత్రం అసిస్టెంటును పంపకు. చావు ఇంటికి అసలే పంపకు.

పెద్దమ్మ ఆవకాయ జాడీ కట్టి ఉంచింది. డ్రైవరును పంపితే ఇవ్వదట. నువ్వే రా.

మీ పెద్దనాన్న