రెండో ఆల్బమ్‌కి వయొలిన్లు పిలిచే ముందు ఇది చదువు

ఒరేయ్ అల్లుడూ,

మీ మెటల్ బ్యాండ్ రెండో ఆల్బమ్ కోసం నువ్వు పంపిన ఎనిమిది డెమోలూ విన్నా. ముందు ఫోన్లో విన్నా, తర్వాత మీ అత్త సీరియల్ అయ్యాక హాల్లో పెద్ద స్పీకర్ల మీద విన్నా, తెల్లారుజామున నిద్రపట్టక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకోసారి విన్నా. ఫోన్ చేసి చెబుదామంటే నువ్వు సరే మావయ్యా సరే మావయ్యా అంటూనే పెట్టేస్తావ్, అందుకే కూర్చుని రాస్తున్నా, తిట్లు కూడా ఉంటాయి, కాఫీ తాగి చదువు.

మెటల్ అంటే ముసలాడికేం తెలుసు అనుకోకు. 2011లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి మెటాలికా బ్యాండ్ వచ్చినప్పుడు నన్ను లాక్కెళ్ళింది నువ్వే కదా, చెవుల్లో దూది పెట్టుకుని నిలబడ్డా, మూడో పాటకో నాలుగో పాటకో ఒక చెవిలో దూది తీసేశా కూడా. అప్పట్నుంచి నువ్వు పంపేవన్నీ వింటూనే ఉన్నా. మీ మొదటి ఆల్బమ్‌లో మీ సింగర్ అమ్మాయి వాళ్ళ నాన్న పోవడం గురించి పాడిన పాట విన్నప్పుడు మీ అత్త వంటింట్లోంచి గరిటెతో అలాగే వచ్చి నిలబడింది, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు దానికి. అందులో ఏముంది చెప్పు? ఒక కీబోర్డు, ఒక గొంతు, రెండో చరణం దాకా గిటార్ లేదు. డబ్బుల్లేక అలా చేశాం మావయ్యా అన్నావు. ఆ డబ్బుల్లేకపోవడమే మిమ్మల్ని కాపాడిందిరా.

ఇప్పుడు డబ్బులొచ్చాయి, చెన్నై వచ్చి నిజం వయొలిన్లు, నిజం కోరస్ పెట్టుకుంటామంటున్నావు. పెట్టుకోండి, కాదన్ను, నేను ముప్పై ఏళ్ళు తిన్న అన్నమే అది. కానీ ఐదో డెమో చూడు, మొదటి సెకను నుంచే స్ట్రింగ్స్ (అదే, వయొలిన్లు, చెల్లోలు), కోరస్, డబుల్ బేస్ డ్రమ్, రెండు గిటార్లు, ఆ అమ్మాయి గొంతేమో తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లలా ఎక్కడో వినిపిస్తోంది.

ఈ తప్పు నేనూ చేశా. కోడంబాకంలో పన్నెండేళ్ళు వెనక వరసలో వాయించాక మొట్టమొదటిసారి ఒక ఏడుపు పాటకి అరేంజ్‌మెంట్ రాయమన్నారు, ఇంక మళ్ళీ ఛాన్స్ వస్తుందో రాదో అని ఇరవై నాలుగు వయొలిన్లకి ఖాళీ బార్ (తాళంలో ఒక గడి) అంటూ లేకుండా రాసేశా. రిహార్సల్ విని మ్యూజిక్ డైరెక్టర్ గారు లోపల్నుంచి వచ్చి, కోపం కూడా లేదు, పాడేది ఎవరయ్యా, ఆవిడా నువ్వా అని అడిగి పల్లవి మొత్తం అందర్నీ ఆపేశారు, ఒక్క చెల్లో, ఆ పెద్ద వయొలిన్ లాంటిది, ఉంచారు. ఇరవై నాలుగు మంది విల్లులు ఒళ్ళో పెట్టుకుని నా వంక చూస్తున్నారు. చరణంలో వాళ్ళు అందుకున్నప్పుడు మాత్రం కన్సోల్ దగ్గర కుర్రాడు కళ్ళు తుడుచుకున్నాడు. అంతకుముందు రాసినవీ అవే నోట్లు, మారింది అవి ఎప్పుడొచ్చాయన్నదే.

నువ్వు దేవుళ్ళలా చూసే వాళ్ళనే చూడు. ఫిన్లాండ్ బ్యాండ్ నైట్‌విష్ రెండో ఆల్బమ్ 1998లో వచ్చింది, అందులో ఆర్కెస్ట్రా అనుకునేది ఎక్కువ భాగం కీబోర్డే, లండన్ వెళ్ళి పెద్ద ఆర్కెస్ట్రాతో చేసింది 2004లో, ఐదో ఆల్బమ్‌కి. డచ్ బ్యాండ్ విదిన్ టెంప్టేషన్ వాళ్ళు 1997 మొదటి ఆల్బమ్‌లో ఉన్న ఆ బొంగురు అరుపులు 2000లో వచ్చిన రెండోదాంట్లో తీసేశారు, వాళ్ళ సింగర్ ఆవిడ గొంతు ముందుకొచ్చింది, జనానికి దగ్గరైంది అప్పుడే. మీరేమో రెండోదనగానే కలుపుతూ పోతున్నారు. ఏం తీసేయాలో ముందు చూడండి.

సరే, పనిలోకి వద్దాం. మీ గిటార్లు అర స్వరం కిందికి శృతి చేసుకున్నారు, అందుకని మీరు ‘ఇ మైనర్’ స్కేల్ అనుకుని వాయించేది బయటికి ‘ఇ ఫ్లాట్ మైనర్’గా వస్తుంది. నొటేషన్‌లో ఆరు ఫ్లాట్లు, అంటే ఆరు స్వరాలు అర మెట్టు కిందికి. వయొలిన్‌కున్న నాలుగు తీగలు జి, డి, ఎ, ఇ, వాటిలో ఒక్కటీ ఆ స్కేల్లో లేదు, అంటే వేలు నొక్కకుండా ఖాళీ తీగ మోగే అవకాశమే లేదు, శృతి పట్టుకోవడం కష్టం, నాదం కూడా ముక్కు మూసుకున్నట్టు ఉంటుంది. ఇంకో అర స్వరం దించండి, డి మైనర్ అవుతుంది, ఒక్కటే ఫ్లాట్, నాలుగు తీగలూ స్కేల్లోనే ఉంటాయి, నువ్వే విని చూడు తేడా. ఆ అమ్మాయికి పై స్థాయిలో కాస్త ఊపిరి కూడా దొరుకుతుంది. ఇది పైసా ఖర్చు లేని పని, ముందు ఇది చెయ్.

ఇంకోటి, వయొలిన్ కింది తీగ 196 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, మీ డిస్టార్షన్ గిటార్ వంద నుంచి నాలుగైదు వేల దాకా గోడలా పరుచుకుని ఉంటుంది, మరి వయొలిన్ ఎక్కడ కూర్చోవాలి? మిక్సింగ్‌లో చూసుకుంటాం అనకు, మిక్సింగ్ వాడు మంత్రగాడు కాదు. స్ట్రింగ్స్ పొడుగ్గా లాగేచోట గిటార్ ముక్కలుగా కొట్టాలి, గిటార్ పొడుగ్గా మోగేచోట స్ట్రింగ్స్ చిన్నగా తెంపాలి. చెల్లో గిటార్ ఉన్న స్థాయిలోనే తిరిగితే బురదే.

కాల్‌షీట్ వేసే ముందు టెంపో ఖాయం చేసుకోండి. మీ డ్రమ్మర్ మూడో పాట చివర స్పీడ్ పెంచుతాడు, బానే ఉంది, కానీ క్లిక్ (హెడ్‌ఫోన్స్‌లో తాళం కొట్టే టిక్ టిక్) కూడా అలాగే పెరగాలి కదా, స్టూడియోలో పదిమంది కూర్చున్నాక అది సరిచేస్తూ ఉంటే గంట పోతుంది. నొటేషన్ ప్రింట్ తీసి బార్ నంబర్లు వేయండి, పెన్సిళ్ళు పెట్టండి. హెడ్‌ఫోన్స్ మూసి ఉండేవే ఇవ్వండి, లేదంటే క్లిక్ చప్పుడు మైకుల్లోకి కారుతుంది, నెమ్మది పాటలో అది టిక్ టిక్ అని చచ్చినా పోదు. పది మంది చాలు, మూడుసార్లు వాయించి పేర్చండి, కింద శాంపిల్స్, అదే కీబోర్డులో ఉండే రికార్డెడ్ వయొలిన్లు, ఉంచండి. యూనియన్ రేటు ఎంతో అంతే ఇవ్వండి, బేరాలాడి నా పరువు తీయొద్దు.

డిసెంబర్ మాత్రం వద్దు. మార్గళి (మన ధనుర్మాసం) కచేరీలు, పైగా చర్చి క్వయర్లన్నీ క్రిస్మస్ కేరల్స్‌లో ఉంటాయి, ఎవరూ దొరకరు. ఫిబ్రవరిలో అయితే నెమ్మదిగా మాట్లాడొచ్చు. ఇక్కడ మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ అనే కోరస్ బృందం 1893 నుంచి ఉంది తెలుసా, కోరస్ పాడేవాళ్ళకి ఈ ఊళ్ళో కరువు లేదు.

తెలుగులో రెండు పాటలు పెట్టారు, భలే పని చేశారు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పెద్ద స్వరం పట్టుకుని నిలబడ్డానికి హాయిగా ఉంటుంది. కానీ సాగదీసేది దీర్ఘం మీదే ఉండాలి. మీ ఏడో పాటలో ఆ అమ్మాయి ‘కల’ అని పాడుతోంది, ‘క’ మీద నాలుగు బీట్లు ఆగేసరికి ‘కాల’ అయి కూర్చుంది, చివర ఆగితే ‘కలా?’ అని ప్రశ్న అడిగినట్టుంది. మీ అత్త రెండుసార్లు విని, ఎవర్ని అడుగుతోంది అంది. ఆ చోట దీర్ఘం ఉన్న మాట వెతకండి.

ఇక అసలు సంగతి. ఆ అమ్మాయి మళ్ళీ నాన్న గురించి పాడనంటోంది, మీరేమో జనం అదే అడుగుతున్నారని ఒత్తిడి పెడుతున్నారు. వద్దురా. రెండేళ్ళయింది, ఆ అమ్మాయికి ఆ బాధ ఇప్పుడు వేరే రూపంలో ఉంటుంది, ఏ రూపమో మీకు తెలీదు, నాకూ తెలీదు, తననే రాయనివ్వండి. ఐదో పాట డెమోలో రెండో లైన్ దగ్గర గొంతు కొంచెం జీరపోయింది చూడు, ఆ టేక్ దాచిపెట్టు, స్టూడియోలో శుభ్రంగా పాడించి దాన్ని పారేయకు.

డబ్బుల సంగతి, ఎవరు ఏ పాట రాశారో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి, పాటల రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌లో రిజిస్టర్ చేసేటప్పుడు కొట్టుకోకుండా ఉంటారు. ఆఫ్టర్ ఫరెవర్ అనే డచ్ బ్యాండ్ 2001లో రెండో ఆల్బమ్ తెచ్చింది, మరుసటి ఏడాదికల్లా గిటారిస్ట్ బయటికెళ్ళి ఎపికా మొదలుపెట్టాడు. నైట్‌విష్ వాళ్ళయితే 2005లో హెల్సింకిలో షో అయ్యాక తమ సింగర్‌ని బహిరంగ లేఖతో పంపించేశారు. మీలో మీకేమున్నా ఎదురుగా కూర్చుని మాట్లాడుకోండి.

ఆదివారం సాలిగ్రామంలో మా ఇంటికి రండి. వచ్చేటప్పుడు ఐదో పాట డ్రమ్స్, గిటార్, స్ట్రింగ్స్ అన్నీ తీసేసి, ఉత్త గొంతు, కీబోర్డుతో మళ్ళీ రికార్డ్ చేసి తీసుకురా, దాని మీద నేను పెన్సిల్ పట్టుకుంటా. మీ డ్రమ్మర్ పోయినసారి పులిహోర ఎంత తిన్నాడో మీ అత్తకి ఇంకా గుర్తుంది, ఈసారి ఇంకో రెండు గ్లాసుల బియ్యం ఎక్కువ పోస్తానంది.

మీ మావయ్య