పెన్ టూల్‌తో తెలుగు అక్షరం గీస్తే వంపులు గతుకులుగా ఎందుకు వస్తున్నాయి?

మీకు వచ్చిన ఇబ్బందులు రెండు. శుభలేఖ మీది “శ్రీ”ని ఫొటో తీసుకుని, ఫొటోషాప్‌లో దాని మీద పెన్ టూల్‌తో గీస్తుంటే వంపులు నున్నగా రావడం లేదు. పైగా గీస్తుండగానే లోపల రంగు నిండిపోయి కింద ఫొటో కనబడటం లేదు. రెండోది నిమిషంలో తేలిపోయేదే, ముందు అది చెప్పేస్తాను.

పెన్ టూల్ తీసుకోగానే పైన ఆప్షన్స్ బార్‌లో “షేప్” అని ఉంటుంది, దాని పక్కనే ఫిల్. ఆ ఫిల్ తీసేసి, స్ట్రోక్ మాత్రం సన్నగా ఎర్ర రంగులో పెట్టుకోండి. ఫొటో లేయర్ ఒపాసిటీ సగానికి తగ్గించి లాక్ చేయండి. గీయడం అయ్యాక ఫిల్ మళ్లీ ఇచ్చుకోవచ్చు. “పాత్” మోడ్‌లో గీసినా రంగు నిండదు గానీ, అందులో గీసింది వర్క్ పాత్ అనే పేరుతో తాత్కాలికంగా మాత్రమే ఉంటుంది. దాన్ని వదిలేసి ఇంకోటి మొదలుపెట్టారంటే పాతది పోయినట్టే. పాత్స్ ప్యానెల్‌లో దాని మీద డబుల్ క్లిక్ చేసి పేరు పెడితేనే నిలుస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గీసిన వినాయకుడి బొమ్మ ఒకటి నాకు అలాగే పోయింది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇక గతుకుల సంగతి. మీరు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో ఒక్క గుడి దీర్ఘం మీదే ఇరవై పైచిలుకు చుక్కలు (పెన్‌తో నొక్కిన చోటల్లా పడే యాంకర్ పాయింట్లు) లెక్కపెట్టాను. జబ్బు అక్కడుంది. నాకూ ఇదే జబ్బు ఉండేది, ఎలా వదిలిందో చెబుతాను.

పదకొండేళ్ల కిందట గుంటూరులో ఒక రేడియం షాపులో పనికి చేరాను. బళ్ల మీద పేర్లు, గ్లాసు తలుపుల మీద అక్షరాలు కంప్యూటర్‌లో గీసి, కట్టింగ్ ప్లాటర్‌తో స్టిక్కర్ కోసి అతికించాలి. ఒక లారీ ఓనరు తన పాత బండి మీద చేత్తో రాయించిన “శ్రీ” కొత్త బండికీ అచ్చం అలాగే కావాలన్నారు. ఫొటో తెచ్చి గీయడానికి కూర్చున్నాను. తేడా రాకూడదని వేలెడు దూరం కూడా వదలకుండా చుక్క మీద చుక్క పెట్టుకుంటూ పోయాను. మొత్తం 146 అయ్యాయి. స్క్రీన్ మీద బాగానే కనబడింది. ప్లాటర్‌కి పంపితే బ్లేడు ప్రతి చుక్క దగ్గరా ఒక కుదుపు కుదిపి ముందుకు కదులుతోంది. అంచంతా రంపం పళ్లలా వచ్చింది. అక్షరం చుట్టూ వేస్ట్ పీకుతుంటే క్రావడి తోక కూడా దాంతోపాటే లేచొచ్చింది.

మా షాపులో స్టిక్కర్లు అతికించడానికి ఒక పెద్దాయన వచ్చేవారు. ఫ్లెక్సీలు రాకముందు ఊళ్లో బోర్డులన్నీ ఆయన చేత్తో రాసినవే, అందరం మాస్టారు అనేవాళ్లం. మౌసు ఎప్పుడూ పట్టుకోలేదు. నా స్క్రీన్ వంక కాసేపు చూసి, పాడైన స్టిక్కర్ వెనక కాగితం తిరగేసి, పెన్సిలుతో పైన ఒక గీత, కింద ఒక గీత, అటూ ఇటూ నిలువుగా రెండు గీతలు గీశారు. ఆ చట్రంలో ఒక్క ఊపులో సున్న చుట్టారు. “సున్న ఈ గీతల్ని ఎన్ని చోట్ల తాకింది అబ్బాయ్?” అన్నారు. నాలుగు చోట్ల అన్నాను. “ఆ నాలుగు చోట్లే చెయ్యి చూసుకోవాలి. మధ్యలో కుంచె దాని దారిన అదే పోద్ది, నువ్వు అడ్డం పడమాక.”

పెన్ టూల్ గురించి నేను నేర్చుకున్నదాంట్లో ముప్పాతిక భాగం ఈ మాటే. వంపు ఎక్కడ చిట్టచివరి దాకా పోయి వెనక్కి తిరుగుతుందో, అంటే అన్నిటికంటే పైన, కింద, కుడి పక్క, ఎడమ పక్క, అక్కడ చుక్క పెట్టాలి. మధ్యలో పెట్టకూడదు. ఫాంట్లు తయారుచేసేవాళ్లు కూడా ఇదే పద్ధతి పాటిస్తారని ఆ తర్వాత తెలిసింది.

కాబట్టి మీరు “శ్రీ” ఇవాళ్టికి పక్కన పెట్టి, ఒక సున్న గీయండి. పై కొసన నొక్కి, వదలకుండా, షిఫ్ట్ పట్టుకుని కుడివైపుకి లాగండి. చుక్కకి రెండు పక్కలా పుల్లల్లా హ్యాండిల్స్ వస్తాయి. తర్వాత కుడి కొసన నొక్కి కిందికి లాగండి, కింది కొసన ఎడమకి, ఎడమ కొసన పైకి. చివరికి మొదటి చుక్క మీదే నొక్కి మళ్లీ కుడివైపుకే లాగి మూసేయండి. ఎటు పోతున్నామో అటే లాగాలి, అంతే. చుక్క సరైన చోట పడలేదనిపిస్తే మౌసు వదలకుండా స్పేస్ బార్ నొక్కండి, చుక్కని జరుపుకోవచ్చు. ఈ స్పేస్ బార్ సంగతి నాకు రెండేళ్ల దాకా ఎవరూ చెప్పలేదు.

ఎంత దూరం లాగాలి? గుండ్రటి సున్నకైతే దానికి లెక్కే ఉంది: వ్యాసార్ధంలో 55 శాతం. వ్యాసార్ధం 100 పిక్సెల్స్ అయితే హ్యాండిల్ 55. నిజానికి ఈ వంపులతో అచ్చమైన వృత్తం రాదు. కానీ ఈ కొలతని ఇంకాస్త నిక్కచ్చిగా 0.5523 అని తీసుకుంటే, వ్యాసార్ధం 1000 ఉన్న సున్నలో తేడా 1 కూడా ఉండదు, కంటికి ఆనదు. వేరే వంపులకైతే, రెండు చుక్కల మధ్య వంపు ఎంత పొడవుంటే అందులో మూడో వంతు హ్యాండిల్ అనుకుని లాగండి, తర్వాత సర్దుకోవచ్చు. మీ స్క్రీన్‌షాట్‌లో కొన్ని హ్యాండిల్స్ పక్క చుక్కని కూడా దాటిపోయాయి, వంపు నడుం విరిగినట్టు అవడం దానివల్లే.

సున్నకి మందం కావాలి కాబట్టి లోపల ఇంకో సున్న గీయాలి. దానికి ముందు ఆప్షన్స్ బార్‌లో పాత్ ఆపరేషన్స్ దగ్గర “సబ్‌ట్రాక్ట్ ఫ్రంట్ షేప్” ఎంచుకుంటే లోపలిది కన్నంలా తెగుతుంది. బయట నాలుగు, లోపల నాలుగు, మొత్తం ఎనిమిది చుక్కలు. వారం రోజులు పూటకి పది సున్నలు గీస్తే చెయ్యి పడుతుంది.

ఆ తర్వాత “ర” చేయండి. సున్న ఎలాగూ వచ్చింది, కొత్తగా నేర్చుకోవలసింది తలకట్టు. తలకట్టులో కింద మొన తేలిన మలుపు ఉంటుంది. అక్కడ వంపు నున్నగా తిరగకూడదు, ఠక్కున మారాలి. చుక్క పెట్టి లాగాక, ఆల్ట్ పట్టుకుని ముందుకి పోయే హ్యాండిల్‌ని విడిగా కొత్త దిక్కుకి తిప్పండి. రెండు హ్యాండిల్స్ విడిపోతాయి, మొన నిలుస్తుంది. కంట్రోల్ నొక్కి పట్టుకుంటే పెన్ కాస్తా చుక్కల్ని, హ్యాండిల్స్‌నీ జరిపే బాణం గుర్తుగా మారుతుంది, వదిలితే మళ్లీ పెన్నే. ఎడమ చేతి వేళ్లు ఎప్పుడూ ఈ రెండు మీటల మీదే ఉండాలి.

అక్కర్లేని చుక్క తీసేయాలంటే పెన్‌ని దాని మీదకి తీసుకెళ్లి, మైనస్ గుర్తు కనబడగానే క్లిక్ చేయండి. బాణంతో పట్టుకుని డిలీట్ కొట్టారంటే చుక్కతోపాటు దాని రెండు పక్కల గీతలూ పోయి పాత్ తెగిపోతుంది. మీరిప్పుడు గీసిన “శ్రీ”ని మాత్రం రిపేరు చేయకండి. ఒక్కో చుక్కా తీసి సర్దేకంటే మళ్లీ గీయడమే తొందరగా అవుతుంది. లారీ “శ్రీ”ని నేను 52 చుక్కలతో మళ్లీ గీశాను. ఈసారి బ్లేడు గుడి దీర్ఘం దగ్గర మొదలెట్టి చివరిదాకా ఒక్క కుదుపు లేకుండా తిరిగొచ్చింది.

ఈ వంపులు పుట్టిందే యంత్రాల కోసమని చదివాక బ్లేడు ఎందుకు మొరాయించిందో అర్థమైంది. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కార్ల కంపెనీలో పాల్ ద కాస్తెల్జో 1959లో ఈ లెక్క కనిపెట్టారు. కంపెనీ దాన్ని గుట్టుగా ఉంచింది. 1960లలో రెనో కంపెనీ ఇంజినీరు పియర్ బెజియే ఇదే దారిలో చేసిన పని లోకానికి తెలిసింది, అందుకే ఆయన పేరుతోనే బెజియర్ వంపులు అంటున్నారు. కారు ఒంటి మీది పెద్ద వంపుని నాలుగైదు కొలతల్లో యంత్రానికి చెప్పగలగడమే వాళ్లకి కావలసింది. మనం 146 చుక్కలు పెడితే ఆ సౌకర్యాన్ని మన చేతులతో మనమే పారేసుకున్నట్టు.

ఇంకో మంచి అలవాటు చెబుతాను. మీకు నచ్చిన తెలుగు ఫాంటులో ఒక అక్షరం టైపు చేసి, లేయర్ మీద రైట్ క్లిక్ చేసి “కన్వర్ట్ టు షేప్” కొట్టండి. కోరెల్‌డ్రాలో అయితే కంట్రోల్, క్యూ. ఇప్పుడు చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. ఫాంటుని బట్టి కొన్ని ఎక్కువ ఉండొచ్చు గానీ, కొసల్లో మాత్రం చాలావరకు కనబడతాయి. నేను రాత్రిళ్లు షాపు కట్టేసే ముందు రోజుకో అక్షరం ఇలా విప్పి చూసేవాడిని.

ఆటోమేటిక్‌గా ట్రేస్ చేసే టూల్స్ వాడొచ్చా అని కూడా అడిగారు. కాగితం మీద ప్రింటుకైతే నడుస్తుంది, స్టిక్కర్ కోతకి మాత్రం నేను వాడను. ఫొటోలోని మరకని కూడా అది అక్షరంలో భాగమనుకుని చుక్కలు పెడుతుంది. ఫొటోషాప్‌లో 2018 వెర్షన్ నుంచి కర్వేచర్ పెన్ అని ఇంకోటి ఉంది, హ్యాండిల్స్ లాగకుండానే వంపు తిప్పుతుంది. మామూలు పెన్ చేతికొచ్చాక అది పట్టుకోండి. ఫొటోషాప్ కొనలేకపోతే ఇంక్‌స్కేప్ ఉచితం, అక్షరాల పనికి నిజానికి అదే మేలు. అందులో పెన్ టూల్‌కి బీ మీట, చుక్కలు సర్దడానికి ఎన్ మీట.

“శ్రీ” మళ్లీ గీశాక చుక్కలన్నీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఇక్కడే పెట్టండి. అక్షరం కింద నుంచి చుట్టుకొచ్చే క్రావడి దగ్గర, ఎడమ కొసన చుక్క పెట్టడం మర్చిపోతారని నా అనుమానం. ముందుగా అక్కడే చూస్తాను.