ఫోన్‌లో ఫ్లాష్ పాఠాలకి ప్లగిన్ వెతకకండి

గాజువాకలో మీ నాన్నగారు నడిపిన ట్యూషన్ సెంటర్ పాఠాలన్నీ ఫ్లాష్‌లో ఉన్నాయి, పిల్లల ఫోన్లలో ఆడాలంటే ఏ ప్లగిన్ వేయించాలి అని అడిగారు. ఫ్లాష్ అంటే వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు, ఆటలు ఆడించడానికి అడోబీ కంపెనీ ఇచ్చిన పాత సాఫ్ట్‌వేర్. ఫోన్లకి దాని ప్లగిన్, అంటే బ్రౌజర్‌కి తగిలించే అదనపు ముక్క, ఇప్పుడు లేదండి. "ఫ్లాష్ ప్లేయర్ ఏపీకే" (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) అని ఎక్కడైనా కనబడినా ముట్టుకోవద్దు. అడోబీ 2012 ఆగస్టులోనే కొత్త ఫోన్లకి ఇవ్వడం మానేసింది. 2020 డిసెంబర్ 31తో కంప్యూటర్లలోనూ ఆపేసింది.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. 2010లో ద్వారకానగర్‌లో ఇద్దరం కలిసి వెబ్‌సైట్లు చేసేవాళ్లం. జగదాంబ దగ్గర ఒక చీరల షాపుకి మొత్తం ఫ్లాష్‌లోనే చేసిచ్చాం. పేజీ తెరవగానే కొంగు గాలికి ఊగుతూ విచ్చుకునేది. మేమే మురిసిపోయాం. ఓనరుగారి అబ్బాయి సెలవులకొచ్చి తన ఐఫోన్‌లో తెరిచాడు. ప్రశ్నార్థకం ఉన్న చిన్న నీలం ఇటుక బొమ్మ, అంతే. "బాబూ, నా షాపేదీ?" అన్నారాయన. మిగతా డబ్బు రావడానికి మూడు నెలలు పట్టింది.

ఆ ఏప్రిల్‌లోనే ఐఫోన్ చేసే యాపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ ఫ్లాష్ మీద బహిరంగ లేఖ రాశారు. వ్యాపార కక్ష అనుకున్నాను. కొంత కక్షే అని ఇప్పటికీ అంటాను. కానీ ఫ్లాష్ మౌస్ కోసం పుట్టింది, వేలికి కాదు అన్న మాట మాత్రం నిజం. తర్వాత ఫ్లాష్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూశాం. మా మెనూ మౌస్ పైన ఆనిస్తే విచ్చుకునేది, నొక్కితే వేరే పేజీకి వెళ్లేది. వేలికి ఆ తేడా ఎక్కడిది?

మీ పనికొస్తే, ముందు పాత కంప్యూటర్‌లో ఎఫ్‌ఎల్‌ఏ ఫైళ్లు, అంటే పాఠాలు తయారుచేసిన అసలు ఫైళ్లు, ఉన్నాయేమో వెతకండి. ఉంటే అడోబీ యానిమేట్‌లో హెచ్‌టీఎమ్‌ఎల్5 కాన్వాస్‌గా, అంటే ఏ ప్లగిన్ లేకుండా బ్రౌజర్‌లోనే ఆడే రూపంలోకి, మార్చొచ్చు. బొమ్మలు వస్తాయి గానీ వాటిని నడిపే ఫ్లాష్ కోడ్, అంటే యాక్షన్‌స్క్రిప్ట్, రాదు. క్విజ్‌ల్లాంటివి జావాస్క్రిప్ట్‌లో మళ్లీ రాయించాలి. ఎస్‌డబ్ల్యూఎఫ్‌లే (ఆడించడానికి తయారైన ఫ్లాష్ ఫైళ్లే) మిగిలితే రఫుల్ (Ruffle) వాడండి, అది ఫ్లాష్ ప్లేయర్‌లా ఆ ఫైళ్లని ఆడించే ప్రోగ్రామ్. ఉచితం. మీ సైటు పేజీలో ఒక స్క్రిప్ట్ పెడితే చాలు, బ్రౌజర్‌లో ముందే ఉండే వెబ్‌అసెంబ్లీ అనే సదుపాయం మీద నడుస్తుంది, పిల్లలు ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పాత యాక్షన్‌స్క్రిప్ట్ 1, 2 పాఠాలు బాగా ఆడతాయి, 3తో అక్కడక్కడా పేచీ పెడుతుంది. వీడియోలైతే ఎంపీ4 చేసేయండి, దానికి టెన్షన్ లేదు.

ఒక్క పాఠం మార్చి, ఇంట్లో ఉన్న పాత ఆండ్రాయిడ్‌లో, ఎవరిదైనా ఐఫోన్‌లో తెరిచి చూడండి. ఎక్కడ ఆగిందో ఇక్కడే రాస్తే చూస్తాను.