కారడవి ఎక్కడుంది?

సందేహం: మాది అచ్చంపేట దగ్గరి పల్లె. బడిలో పిల్లలతో కలిసి ఒక పెద్ద కథ అల్లుతున్నాం. అందులోని రాజ్యాలు, నదులు, కొండలు అన్నీ మేం ఊహించుకున్నవే. పిల్లలు దానికి పటం కూడా గీస్తున్నారు. మా నాయనమ్మ ఏ కథ చెప్పినా ‘కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి’ వచ్చేది. ‘గా కారడవి యాడనో లేదు బిడ్డా, మన నల్లమల్లనే’ అనేది. నల్లగొండ నుంచి వచ్చిన మా తోటి ఉపాధ్యాయుడు మాత్రం కథలోని అడవికి నేల మీద చోటు వెతకొద్దంటున్నారు. కారడవి అంటే అసలు అర్థమేమిటి? అది నల్లమలేనా? పటంలో ‘కారు అడవి’ అని విడదీసి రాయాలా, కలిపి రాయాలా? ఇలాంటి లోకాన్ని కల్పిత లోకం అనాలా, కాల్పనిక లోకం అనాలా?

సమాధానం: మీ ఉత్తరం చదివి చాలా సంతోషపడ్డానమ్మా. ముందు మాట సంగతి చూద్దాం.

కారడవిలోని ‘కారు’కు రెండు దారులున్నాయి. ఒకటి నలుపు. కారుచీకటి, కారుమబ్బు అన్నప్పుడు మనకు వినపడేది ఇదే. రెండోది అడవి, అడవికి చెందినది అనే అర్థం. అడవిని కాల్చే నిప్పును కార్చిచ్చు అంటాం. నిప్పుకు నలుపుతో పనిలేదు కదా, అక్కడ ‘కారు’ అంటే అడవే. తమిళంలో, కన్నడంలో అడవిని కాడు అంటారు. మన దగ్గర ఆ కాడు వల్లకాడులో మిగిలి, శ్మశానానికి పరిమితమైపోయింది. ఊరు దాటాక ఉండే చోటు, మనుషులు మసలని చోటు అనే ఛాయ రెండింటిలోనూ ఉంది. నా మొగ్గు ఈ రెండో దారి వైపే. కారడవి అంటే మనిషి అలికిడి లేని అడవి. అయితే కారుచీకటికి అలవాటైన చెవి అందులో నలుపును కూడా వింటుంది. ఆ వినికిడిని తప్పనడానికి నాకు మనసు రాదు. మాటలు అలాగే ఒకదాని మీద ఒకటి వాలి కొత్త అర్థం తెచ్చుకుంటాయి.

మీ నాయనమ్మ మాట నిలబడేది కూడా అక్కడే. నల్లమల అంటే నల్లని కొండ. మల అంటే కొండ. తిరుమలలో, ఎర్రమలలో ఉన్నదీ అదే. (తమిళులకు ‘నల్ల’ అంటే మంచి. వాళ్ల చెవికి అది మంచికొండ. మనకు నలుపే.) మీ సహోపాధ్యాయుడి ఊరు నల్లగొండ అన్నా అర్థం అదే. నలుపు వినిపించే కారడవిని తీసుకెళ్లి, నలుపునే పేరుగా పెట్టుకున్న కొండల మీద నిలిపింది ఆవిడ. పటం చూసి చెప్పిన మాట కాదది, చెవితో జత కుదిర్చిన మాట.

ఇక ‘కాకులు దూరని, చీమలు దూరని’ సంగతి. కాకి–కారడవి, చీమ–చిట్టడవి అని మొదటి అక్షరాలు ఎలా కలిశాయో చూడండి. కథ చెప్పే నోటికి ఆ కలయిక కావాలి. కానీ అంతటితో అయిపోలేదు. కాకి పై నుంచి వచ్చేది, చీమ నేల మీద నుంచి పోయేది. పైన కొమ్మలు కమ్ముకుని కాకికి సందు లేదు. కింద పొదలు, తీగలు, గడ్డి అల్లుకుని చీమకు సందు లేదు. చిట్టడవి అంటే చిన్న చిన్న చెట్లూ పొదలూ చిక్కగా అల్లుకున్న అడవి. నాలుగు మాటల్లో ఆకాశం వైపు ఒక తలుపు, నేల వైపు ఒక తలుపు మూసేసిందీ వాక్యం. పిల్లలకు ఇది పలక మీద గీసి చూపండి, వెంటనే పట్టుకుంటారు.

కాకి గురించి ఇంకో మాట. మనం రోజూ చూసే ఊరకాకి మనుషులున్న చోటనే బతుకుతుంది. ఇళ్లు, పెంటకుప్పలు, పిండాలు పెట్టే గట్టు దాని తావులు. నట్టడవిలో అది కనపడదు. కాబట్టి ‘కాకులు దూరని’ అంటే కొమ్మల సందు లేదని మాత్రమే కాదు, అక్కడ ఊరు లేదని, పొయ్యి వెలగదని అర్థం.

ఇక్కడే మీ నాయనమ్మతో నాకు చిన్న పేచీ ఉంది. నల్లమలలో పొయ్యి వెలుగుతుంది. మన్ననూరు దాటి శ్రీశైలం బాట పడితే అడవి మధ్యలో చెంచుల పెంటలున్నాయి. అప్పాపూర్ పెంట, రాంపూర్ పెంట, మల్లాపూర్ పెంట. మైదానంలో పెంట అంటే పశువుల పేడ పోసే కుప్ప, అడవిలో మాత్రం అది ఊరు. మనకు కారడవి అయినది వాళ్లకు ఇల్లు. బయట నిలబడి చూసేవాడు మొత్తానికి కలిపి ఒకే పేరు పెట్టి, చొరరానిది అంటాడు. లోపల ఉన్నవాళ్లకు ప్రతి లొద్దికీ, ప్రతి చెలిమకూ (నీళ్ల కోసం తవ్వుకునే గుంటకూ) వేరే పేరుంటుంది. నల్లమలలోని లొద్ది మల్లయ్య గుడికి వెళ్లినవాళ్లకు ‘లొద్ది’ అంటే లోయ అని చెప్పక్కర్లేదు. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యాన్ని ఒక్క మాటలో కారడవి అనేస్తే ఇవన్నీ మాయమైపోతాయి.

ఇంకొకటి కూడా. నేను పాలమూరులో చదువుకునే రోజుల్లో ఒకసారి నడి ఎండకాలం ఆ బాటన బస్సులో పోయాను. కథలో విన్న చీకటి కోసం కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాను. ఆకులన్నీ రాలిపోయి, కొమ్మల సందుల్లోంచి బండలు, బండల మీద ఎండ కనపడ్డాయి. నల్లమద్ది మొదళ్లు మొసలి చర్మంలా పగిలి ఉన్నాయి. కాకులు దూరనిదేమీ కనపడక చిన్నబుచ్చుకున్నాను. అదే బాటన శ్రావణంలో పోయినప్పుడు గడ్డి నడుము దాకా లేచింది, కొండ నిజంగానే నల్లబడింది. మీ నాయనమ్మ కారడవి నల్లమలే అనుకున్నా, అది వానకాలపు నల్లమల.

అలాగని మీ సహోపాధ్యాయుడి మాట కూడా నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. కథాలోకాన్ని నేలకు ముడివేయడం మనకు కొత్త కాదు. ఇంట్లో ఏ పూజ చేసినా సంకల్పంలో ఏం చెప్తాం? ‘జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోర్దక్షిణ దిగ్భాగే...’ అని మొదలుపెడతాం. ఏడు ద్వీపాలు, వాటి చుట్టూ ఉప్పునీళ్ల దగ్గర్నుంచి మంచినీళ్ల దాకా ఏడు సముద్రాలు ఉన్న పురాణ లోకం అది. మేరువును పామీరు పీఠభూమితో జతచేసిన పండితులూ ఉన్నారు. కానీ ఆ ఊపిరిలోనే ‘శ్రీశైలస్య’ అని కొలవగలిగిన కొండకు వచ్చేస్తాం. పాలమూరులో అయితే ‘వాయవ్య ప్రదేశే’ అంటారు, ఎందుకంటే ఊరు నిజంగానే శ్రీశైలానికి వాయవ్యాన ఉంది. ఆ తర్వాత ‘కృష్ణా గోదావర్యోః మధ్యదేశే’. ఎక్కడుందో తెలియని మేరువుతో మొదలై, రోజూ నీళ్లు తాగే నదుల దగ్గర ఆగుతుంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారమైన ఉమామహేశ్వరం మీ ఊరికి దగ్గర్లోనే కదా. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి ఇది వినిపిస్తే, పటం ఎలా గీయాలో వాళ్లకే తోస్తుంది.

కాబట్టి మీ కథకు దిక్కులు, నీళ్లు, రాళ్లు నల్లమల నుంచి ధారాళంగా తెచ్చుకోండి. వాగు ఎటు పారుతుంది, ఎండకాలం ఎక్కడ చెలిమ తవ్వుతారు, ఏ గుట్ట మీద నీడ ముందు పడుతుంది, ఇవన్నీ పిల్లలకు తెలిసినవే. ఒక్కటి మాత్రం వద్దంటాను. ఆ కారడవిలో మీరు రాక్షసుణ్ణో మాంత్రికుణ్ణో పెడితే, వాడి ఊరికి నిజమైన పెంట పేరు పెట్టకండి. మీ తరగతిలో చెంచు పిల్లలు ఉండొచ్చు. పేర్లు కావాలంటే గుట్ట, గట్టు, మల, లొద్ది, కుంట, పెంట అనే చివరలు తీసుకుని ముందు మాట మీరే కట్టుకోండి. శ్రీశైలం బాటలో ఊళ్లకు ఈగలపెంట, దోమలపెంట అనే పాత పేర్లను అలాగే కట్టారు. ఎంత గొప్ప కథకుడైనా అంతకన్నా మంచి పేర్లు పెట్టగలడని నేననుకోను.

మిగిలినవి చిన్న సందేహాలు. కల్పిత అంటే కల్పించబడినది, కాల్పనిక అంటే కల్పనకు సంబంధించినది. మీరు కల్పించారు కాబట్టి అది కల్పిత లోకం. అలాంటి లోకాలను చెప్పే రచన కాల్పనిక సాహిత్యం. విమర్శలో కాల్పనికోద్యమం అన్నప్పుడు భావకవిత్వం గుర్తుకొస్తుంది, కాబట్టి పిల్లల పుస్తకం అట్ట మీద ఆ మాట వద్దు. ఊహాలోకం అని రాయండి, చదవగానే తెలుస్తుంది.

కారు, అడవి కలిసినప్పుడు ఉకారం పోయి కారడవి అవుతుంది. ఇక్కడ సంధి విడదీయకూడదు. విడదీసి రాస్తే పిల్లల కంటికి నాలుగు చక్రాల కారు కనపడుతుంది. చిట్టడవీ అంతే, ఒకే మాట. పటంలో చోటు చాలకపోతే అక్షరాలు చిన్నవి చేయమనండి.