సేవకు బయలుదేరుతున్న కుమారునికి

ప్రభువునందు ప్రియమైన కుమారునికి,

కడప నుండి పెద్దనాన్న ఆశీర్వదించి రాస్తున్నాను. ఆదోని దగ్గర పల్లెల్లో సంఘం ప్రారంభించబోతున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. ఎంతో సంతోషించాను. వాక్యం చెప్పడం, పాట పాడించడం నీకు బాగా వచ్చు కనుక వాటి గురించి రాయను. కానుకల పెట్టె గురించి మాత్రం ముందే రాయాలనిపించింది.

ఎలీషా ప్రవక్త దగ్గర సేవకుడిగా ఉన్న గేహజీ కథను నువ్వు చాలాసార్లు బోధించి ఉంటావు. కుష్ఠు బాగైన సిరియా సేనాధిపతి నయమాను ఇవ్వబోయిన కానుకను ప్రవక్త వద్దన్నాడు. గేహజీ మాత్రం రథం వెంట పరుగెత్తి వెండి, బట్టలు అడిగాడు. అవి తనకు కావాలని అతడు అడగలేదు, అప్పుడే వచ్చిన ఇద్దరు యువ శిష్యుల కోసమన్నాడు. నయమాను అడిగిన వెండికి రెట్టింపు ఇచ్చాడు. నాయనా, సేవకునిలో దురాశ ఎప్పుడూ ఇలాగే, ఇతరుల అవసరం పేరుతోనే మొదలవుతుంది. బియ్యం మూట అందుకుంటున్న అవ్వనూ, చిరిగిన చొక్కా పిల్లవాణ్ణీ ఫోటో తీసి దాతలకు పంపే ముందు, ఆ డబ్బు చివరకు ఎవరి ఇంటికి చేరుతుందో నిన్ను నువ్వు అడుగు.

నీ సంఘానికి వచ్చేది పత్తి తీతకు వెళ్లే ఆడవాళ్లు, మిరప కోతకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలు. వాళ్లు తిరిగి వచ్చిన ఆదివారం కానుక ఎక్కువగా వస్తుంది. అందులో పిల్లల ఫీజు, తీర్చవలసిన అప్పు కూడా కలిసి ఉండవచ్చు. సరిగ్గా ఆ వారమే దశమభాగం మీద, అంటే రాబడిలో పదో వంతు దేవునికివ్వడం మీద ప్రసంగించాలని నీకు తోచిందంటే, ఆ ప్రసంగం ఆపి మోకాళ్ల మీద ప్రార్థించు. అప్పులో ఉన్నామని చెప్పినవాళ్ల కానుకను తిరిగి వాళ్ల చేతికే ఇవ్వడానికి వెనకాడకు.

కానుక నువ్వు లెక్కపెట్టవద్దు. ఇద్దరు పెద్దలు, వారిలో ఒకరు స్త్రీ అయితే మరీ మంచిది, ఆరాధన ముగిసిన వెంటనే అందరి ఎదుట లెక్కించి పుస్తకంలో రాసి సంతకం చేయాలి. కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రికలో పౌలు, చందా సొమ్ము విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా తన జతపనివాడైన తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి పంపుతున్నానని చెప్పాడు. అంతటి అపొస్తలుడే ఒంటరిగా డబ్బు ముట్టనప్పుడు మనం ఎంత? 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘాన్ని నమోదు చేయించి, బ్యాంకు ఖాతా దాని పేరునే తెరిపించు. ఇద్దరి సంతకాలు లేకుండా డబ్బు బయటికి రాకూడదు. మందిరం స్థలం నీ పేరునగానీ, నీ భార్య పేరునగానీ రాయించుకోవద్దు.

విదేశీ సొమ్ము విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేనిదే దాన్ని తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత, అనుమతి ఉన్న సంస్థ కూడా తనకు వచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి ఎవరైనా తమ ఖాతా ద్వారా నీకు పంపుతామంటే, ఎంత ప్రేమగా చెప్పినా ఒప్పుకోవద్దు.

జీతం తీసుకోవడం తప్పు కాదు, పనివాడు జీతానికి పాత్రుడే. ఎంత తీసుకోవాలో నువ్వే నిర్ణయించుకోవడం తప్పు. అది కమిటీ చెప్పాలి. సంఘం చిన్నదిగా ఉన్నంతకాలం సాయంత్రం ట్యూషన్లు చెప్పుకో. కొరింథులో పౌలు డేరాలు కుట్టి బతికాడు. ప్రార్థన చేసిన నూనె సీసాకు ధర పెట్టేవాళ్లతో మాత్రం ఒకే వేదిక మీద కూర్చోవద్దు. సమరయలో సీమోను పరిశుద్ధాత్మ వరాన్ని కొనాలని వెండి చూపినప్పుడు, అపొస్తలుడైన పేతురు మొహమాటపడక గద్దించాడు.

డబ్బు కంటే మెల్లగా పట్టుకునేది పొగడ్త. ఫ్లెక్సీల మీద నీ ముఖం వేయనివ్వకు, పుట్టినరోజు సభలు పెట్టనివ్వకు. నీ తప్పు ముఖం మీద చెప్పగల పెద్ద మనిషినొకరిని కమిటీలో తప్పకుండా ఉంచుకో. అతని మాట నీకు కష్టంగా ఉన్నా అతణ్ణి తీసేయవద్దు.

మొదటి కమిటీ సమావేశం ఏ రోజో రాయి. రైల్లో ఆదోనికి వచ్చి, పుస్తకంలో పద్దులు ఎలా రాయాలో పెద్దలకు నేనే కూర్చుని నేర్పుతాను.

నీ పెద్దనాన్న